గడువు దాటిన టికెట్లు

అఫ్జల్‌గంజ్‌లో లైబ్రరీ ఎక్కడని అడిగితే
మూసీ ఒడ్డున ఆ పెద్ద భవనం చూపిస్తారు.
నేను వాడేది అది కాదు.
బీరువాల్లేవు, నిశ్శబ్దం పాటించమనే బోర్డు లేదు.
నా ప్రోగ్రాం పొట్టలోనే ముడుచుకుని కూర్చుంటుంది,
వేరే గది అడగదు, వేరే కాపలా అడగదు.
నాలుగు మాటలు రాస్తే చాలు:
ఈ ధారలోంచి తీసుకో,
రూటు పేరు మీద విడగొట్టు,
పావుగంటకో లెక్క కట్టు,
లెక్కని పక్క ధారలో వదులు.

ధార అన్నాను గాని నీళ్ళు కావు.
కండక్టరు మిషన్ కిర్రుమని కక్కే టికెట్లు,
పాసులు, చిల్లర లేని పదిహేనులు, ఆడవాళ్ళ జీరోలు,
నగరం నలుమూలల నుంచి వచ్చి వరసలో నిలబడతాయి.
నిలబడ్డాక ఎవరూ తోసుకుని ముందుకు రారు,
ఎవరూ చెరిపెయ్యరు.
కోఠి బస్టాపులో ఇట్లాంటి వరస
నేనింతవరకు చూడలేదు.

బుధవారం డిపో నుంచి ఇద్రీస్ సాబ్ ఫోను.
"ఘట్‌కేసర్ ఆఖరి బండి ఖాళీగ తిరుగుతుంది.
ఇద్దరే అంటుంది మీ స్క్రీను.
ఒకటో తారీఖు నుంచి బంద్ చేస్తున్నం."
మీ స్క్రీను, అన్నాడు.
అన్నం సగంలో ఆగింది.

కండక్టరు సువార్త నన్ను ఎగాదిగా చూసింది.
"ఇద్దరా? ఎక్కి చూడు సార్."
ఎక్కాను. నిలబడటానికి ఒక కాలికే చోటు దొరికింది.
ఉస్మానియా దవాఖానా ఆయాలు చెప్పులిడిచి కూర్చున్నారు,
బేగంబజార్ హమాలీ భుజం మీద ఇంకా పసుపు ధూళి,
ఎవరి టిఫిన్ డబ్బానో నా మోకాలికి తగులుతోంది.
ఉప్పల్ దాటాక మిషన్ మూలన చిన్న ఇంటూ గుర్తు.
"ఇగ సిగ్నలుండదు. డిపోకి పోయినంకనే అన్నీ ఒక్కసారి పోతయ్,"
అంటూనే చింపుతోంది.
పదీ నలభై ఏడుకి పుట్టిన టికెట్
పదకొండూ యాభై రెండుకి నా దగ్గరికొస్తుంది.

నేనేం రాశానో అప్పుడు గుర్తొచ్చింది.
పది నిమిషాలు చూడు, కిటికీ మూసెయ్,
తరవాత వచ్చినవి పారెయ్.
ఎవరి మీదా కోపంతో రాయలేదు,
ఒక మధ్యాహ్నం, ఏదో ఒక అంకె వెయ్యాలని వేశాను.
లైబ్రరీ తు చ తప్పలేదు.
పారేసిన ప్రతిసారీ ఒక హెచ్చరిక రాసి పెట్టింది,
నేనే తెరిచి చూడలేదు.

ఆలస్యం అమృతం విషం అంటారు.
వాన రాకడ ప్రాణం పోకడ అని కూడా అంటారు.
రెండో మాటే పట్టుకుని ఇంటికొచ్చి
పది నిమిషాలు కొట్టేసి రెండు గంటలు పెట్టాను.
మళ్ళీ మొదటి టికెట్ నుంచి చదవమన్నాను.
వరసలో ఎవరూ ఎక్కడికీ పోలేదు గదా,
ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు.
పాత రాత్రులు ఒక్కొక్కటే మళ్ళీ బండెక్కాయి.
రెండు, పదకొండు, ముప్పై నాలుగు,
అరవై ఒకటి.
అందులో ఉప్పల్ నుంచి నారపల్లికి నాదొకటి.

కిటికీ అంతసేపు తెరిచి ఉంచితే
జ్ఞాపకానికి చోటు కావాలి, చోటుకి బిల్లొస్తుంది.
మా మేనేజరు శ్రీరమణి ఆ అంకె చూసి
ఏమీ అనలేదు, కళ్ళద్దాలు తుడుచుకుంది.
ఇద్రీస్ సాబ్ మాత్రం నవ్వాడు:
"అయితే ఇప్పుడు ఇంకో బండెయ్యాల్నా?"
బండి ఉంది. ఇంకోటి వెయ్యలేదు.

నిన్న పొద్దున ఆరున్నరకి ఒక టికెట్ వచ్చింది,
రాత్రి పదకొండూ అయిదుది.
మిషన్ బ్యాటరీ చచ్చిపోయిందట.
రెండు గంటలు ఎప్పుడో దాటాయి,
ప్రోగ్రాం పారేసింది.
ఈసారి ఆ హెచ్చరిక చదివాను.
జీరో టికెట్.
ఎక్కింది గౌలిగూడ.
దిగింది అన్నోజిగూడ.